మంచం కోళ్ళ కింద నీళ్ళు

మొదట నాలుగే గింజలు,
పిండి డబ్బా వెనక, నల్లజీలకర్రలాగా.
చీపురుతో ఊడ్చేశాను. క్లెమ్‌కి చెప్పలేదు.

ఆ ఏడు మా మాలీ నేలల్లో గోధుమ విరగపండింది.
మిషను కోసినంత కోసి రాల్చినంత రాల్చింది.
పదేళ్ళ తర్వాత బ్యాంకువాడు మమ్మల్ని చూసి నవ్వాడు.
మేమూ నవ్వుతుంటే
నేల కింద ఎవరో కాన్పులు లెక్కపెట్టుకుంటున్నారు.

మార్చి వచ్చేసరికి
రాత్రి కారు లైట్లు వేస్తే రోడ్డు కదిలేది.
టైర్ల కింద చప్పుడు గురించి అడక్కండి.
ఎలుక కోసం కొండ తవ్వక్కర్లేదు ఇక్కడ.
కొండే లేదు.
చూపు ఆనినంత మేర బల్లపరుపు, ఎక్కడ పార దింపినా చిట్టెలుకలే.

బకెట్లో సగం నీళ్ళు, అంచుకి అడ్డంగా తీగ,
తీగకి ఖాళీ సీసా, సీసాకి పల్లీముద్ద.
ఎక్కింది తిరుగుతుంది, తిరిగింది మునుగుతుంది.
మొదటి రాత్రి నూట పన్నెండు.
షెడ్డు తలుపు మీద సుద్దతో రాశాను.
రెండో రాత్రి నాలుగొందల చిల్లర.
తొమ్మిదో రోజుకి
సుద్దముక్కనే కొరికేశాయి.

మంచం కోళ్ళ కింద టిన్నులు పెట్టి నీళ్ళు పోశాం.
దుప్పటి అంచు నేలకి జారకుండా ఒంటికి చుట్టుకుని
అరవై దాటిన ఇద్దరం
వరదలో తెప్ప మీద ఉన్నట్టు పడుకునేవాళ్ళం.
పెళ్ళైన కొత్తలో కూడా అంత దగ్గరగా పడుకోలేదు.
గోడల్లో గీకుడు, కప్పులో గీకుడు.
అత్తగారి పియానోలో మాత్రం
ఏ మూడింటికో ఒక్క స్వరం పలికేది,
మరిచిపోయిన పాటని ఎవరో తడుముకుంటున్నట్టు.

ఇంక వాసన.
రొట్టెలో ఉండేది, టీలో ఉండేది,
చర్చిలో పక్కన కూర్చున్న ఎల్స్‌పెత్ ఫిట్స్‌నర్
సెంటు కింద ఉండేది.
నా సెంటు కింద ఆమెకీ తెలిసేది.
ఇద్దరం పైకప్పు వైపు చూస్తూ పాడేవాళ్ళం.

ఇన్సూరెన్సు ఆఫీసుకి ఫోన్ చేస్తే
ఎవరో కుర్రాడు, మర్యాదస్తుడే,
"ఎలుకలు పాలసీలోకి రావండీ, అదే నిప్పయితే" అంటుండగా
లైను తెగింది.
తీగ కొరికిందెవరో చెప్పాలా.

ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటామా అంటారు.
ఇల్లు కాదు,
క్లెమ్ గడ్డి తగలబెట్టాడు. మూడొందల బేళ్ళు.
పైకి బంగారం, లోపల తడీ పెంటికలూ,
గొర్రెలు మూతి కూడా పెట్టలేదు.
నిప్పులోంచి నేల లేచి పరుగెత్తుకొచ్చింది,
మా బూట్ల మీదుగా, ఇంటివైపే.
క్లెమ్ చేతిలో పార ఉంది.
ఒక్కదాన్నీ కొట్టలేదు.
మంట చూస్తూ, "మంచి గడ్డి, నోరీన్" అన్నాడు.

వారానికి ఆ కుర్రాడి దగ్గర్నించి ఫారం వచ్చింది.
నిప్పుకి కారణం: అని ఒక గడి.
నేను వంటింట్లో ఉండగా క్లెమ్ నింపేశాడు.
ఎలుకలు, అని రాశాడు, గుండ్రటి అక్షరాలతో.
అబద్ధమా అంటే కాదు.
ఆ కాయితం నేను పోస్టు చెయ్యలేదు, చింపనూ లేదు.

జూన్‌లో వాన, మూడు రోజులు, ఎముకలు కొరికే చలితో.
నాలుగో పొద్దున నేల నేలలాగే ఉంది.
ఎక్కడికి పోయాయో ఆ మట్టికే తెలియాలి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
చీకట్లో "పియానో" అన్నాడు క్లెమ్.
"ఊఁ" అన్నాను.
చెవులు రిక్కించి విన్నాం. ఏమీ లేదు.

టిన్నులు తీసేద్దామని ఇద్దరిలో ఎవరం అనలేదు.
నిన్న ఒకదాంట్లో నీళ్ళు అడుగంటితే
నేనే పోశాను.