ఏమీ రాయని చీటీ

శుక్రవారం ఆరింటికి
మిల్లు యూనియన్ రూము తాళంచెవి
ఓదెలు తాత మొలతాడు నుంచి
నా చేతికొస్తది.
మిల్లు పోయింది, యూనియన్ పోయింది,
తాళంచెవి పోలే.
"పోరగాండ్లకు పనికొస్తె మంచిదే గద బిడ్డా" అన్నడు మొదటిరోజు
ఏం పనో అడగకుండ.
తెలిసినంక నాలుగు రోజులు మాట్లాడలే.
ఐదోనాడు తనే ఊడ్చిపెట్టిండు.

రెండు రేకుడబ్బాలు మావి.
మగపిల్లలది కరీమాబాదుల గట్టయ్య కటింగ్ షాపుల,
పౌడరు డబ్బా పక్కన.
అక్కడికెందుకు పోయినవని ఎవ్వరడగరు.
ఆడపిల్లలది మహబూబీ కుట్టుమిషన్ కింద
పీలికల సంచిల.
కొలతలిచ్చే వంకన చెయ్యి పెట్టి పోతరు.
పాస్టరమ్మ బెంచీలిచ్చింది,
"మంచి మాటలే గద" అనుకుంట. నేను కాదనలే.
మెడికల్ షాపు సాంబయ్య
ప్యాడ్లు నల్లకవర్ల చుట్టుడు బందువెట్టిండు.
డీజే కొట్టే యూతోళ్లు మైకిస్తమన్నరు.
మైకొద్దు నాయనా,
ఇక్కడ మెల్లగ మాట్లాడుడే పని.

నేను మేకల స్వరూపను.
ఆశా కార్యకర్తను, పది ఫెయిల్.
నేను పెద్దమనిషైననాడు
మా అమ్మ బొగ్గుతోని గీత గీసింది.
గీతకవుతల నేను, ఇవుతల నీళ్ల చెంబు,
నడుమ ఒక్క మాట లేదు.

చీటీలు చదువుత.
"నెలకు రెండుసార్లయితె రోగమా?"
"అందరికి మీసమొచ్చింది, నాకెందుకు రాలే?"
"ఫోన్ల చూపెట్టేది నిజమేనా, మనుషులు గట్లనే ఉంటరా?"
"వద్దంటె వాడు మాట్లాడుడు బందువెడ్తడు. గప్పుడేం జెయ్యాలె?"
దీనికి రూమంత కిసుక్కుమన్నది.
జరసేపటికి కిసుక్కుమన్నోళ్లే నేల చూసిండ్రు.
ఎంజీఎం నుంచొచ్చిన ఎస్తేరు సిస్టర్
బోర్డు మీద బొమ్మ గీసి
గర్భసంచి, వృషణం అని
మోకాలు, మోచెయ్యి అన్నంత మామూలుగ పలికింది.
అప్పుడే కిటికీలకెల్లి మిర్చి ఘాటొచ్చి
అందరం దగ్గినం.
సిగ్గు సగం ఆ దగ్గులనే పోయింది.

అందరు ఒప్పుకున్నరని కాదు.
ఒకాయన వాకిట్ల నిలబడి
"మా పోరిని చెడగొడ్తున్నవ్" అని తిట్టిండు.
తిట్టిన జాగల్నే అరగంట నిలబడి విన్నడు.
మళ్ల రాలే.
పోరిని మాత్రం ఆపలే.

ఇగ ఈ చీటీ.
వారం వారం ఆడపిల్లల డబ్బా అడుగున,
ఎనిమిది మడతలు.
విప్పితె రూళ్ల కాగితం,
ఒక్క అక్షరముండదు.
"ఎవరో ఆటాడుతున్నరు, పారెయ్" అన్నది సిస్టర్.
నేను పారెయ్యలే.
దాన్ని గుడ చదువుత,
చేతిల పట్టుకొని, నిలబడి,
ఒక్క నిమిషం.
పిల్లలు మొదట వింతగ చూసిండ్రు,
ఇప్పుడు ఆ నిమిషమొస్తె
ఫ్యాను కిర్రుమనుడు గుడ ఇనబడ్తది.
నేను ఎవ్వరి మొకం దిక్కు చూడ,
ఫ్యాను దిక్కే చూస్త.

పన్నెండు చీటీలు దాచిన.
రాసి చెరిపేసిందేమోనని
రాత్రి బల్బు కింద పెన్సిలు ఒత్తుడు వెతికిన.
మడతలే ఉన్నయి.

మొన్న పదమూడోది.
నడిమి మడతల
చీమల్లెక్క చిన్న అక్షరాలు, ఎనుక ఒక కామా:
"అక్కా,"

అంతే.
చదివిన.
"చెప్పు" అన్న, ఫ్యాను దిక్కు చూసుకుంట.
ఎవ్వరు చెప్పలే.
పిల్లలు పోయిండ్రు. నేను పోలే.
ఓదెలు తాత తాళంచెవి కోసమొచ్చి
వాకిట్ల చుట్ట ముట్టించిండు.
"ఇంకెంతసేపు బిడ్డా?"
"కామా పెట్టింది తాతా" అన్న.
ఆయనకేమర్థమైందో,
తాళంచెవి నా దగ్గర్నే ఇడిసిపెట్టి
దగ్గుకుంట పోయిండు.