డెబ్బై రెండు పేజీలు

ఈ మూడు నెలల్ల నాలుగు పుస్తకాలు చదివిన.
నాలుగూ అందరూ చదువుతున్నవే.
ఉప్పల్‌ల మెట్రో ఎక్కి బేగంపేటల దిగేదాకా
ఉన్న కొన్ని నిమిషాలు నావి,
కూసునే జాగ దొరికితే.

మొదటిది హత్య కథ.
పదకొండో ముద్రణ అని అట్టమీద ఎర్ర ముద్ర.
చంపిందెవడో నలభయ్యో పేజీలనే తెలిసింది,
వాడొక్కడే అందరికీ ఛాయ్ పోసిస్తడు;
అంత మంచోడు కథల్ల ఊరికే ఉండడు.
అది సరే.
ఆ డిటెక్టివ్ చార్మినార్ కాడ బండెక్కి
పది నిమిషాల్ల గోల్కొండల దిగిండు,
సాయంత్రం ఆరింటికి!
రాసినాయన మెహిదీపట్నాన్ని
పటంలనే చూసిండు కావచ్చు.
శవాన్ని నమ్మిన గానీ
ఆ పది నిమిషాలు నమ్మలే.

రెండోది కరెంటు బిల్లుల కౌంటర్ల
నా పక్క సీటు రుబీనా ఇచ్చింది,
"నీ బతుకే మారుతది అక్కా" అని.
తెల్లారగట్ల నాలుగింటికి లేచినోళ్లే గెలుస్తరంట.
మా గల్లీల నల్లా నీళ్లు
రోజు విడిచి రోజు నాలుగింటికే వస్తయి.
పద్దెనిమిదేండ్ల సంది లేస్తున్న.
నేను, ఎదురింటి సుగుణమ్మ, పై పోర్షన్ బ్యాంకాయన,
బిందెలు పట్టుకొని చీకట్ల నిలబడ్డ
విజేతలం.
గెలుపు ఎన్నింటికి వదుల్తరో
లైన్‌మన్‌ను అడగాలె.
అయినా ఒకటి ఒప్పుకోవాలె:
"వద్దు అనడం నేర్చుకో" అన్న అధ్యాయం చదివిన తెల్లారే
ఆదివారం డ్యూటీ వద్దన్న మా సూపరింటెండెంటుకు.
గొంతు వణికింది.
ఆదివారం దొరికింది.

మూడోది బహుమతి వచ్చిన కథలు.
ప్రతి కథల ఒక కిటికీ, కిటికీ బయట వాన,
లోపల ఎవరూ ఏం మాట్లాడరు.
అర్థం కాలే.
ఒకప్పుడైతే "ఎంత లోతు!" అనేదాన్ని.
అర్థం కాలే అని అనడానికి
నాకు యాభై మూడేండ్లు పట్టింది.
మళ్ల ఒకసారి చదువుతనేమో వానకాలంల.
తప్పు నాదే కావచ్చు, కిటికీది కావచ్చు.

ఇగ నాలుగోది.
దొరికిన ఆదివారం నాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
జిలానీ భాయ్ దగ్గర అరవై రూపాయలకు తెచ్చిన ప్రేమ నవల.
పిల్లలంతా ఏడుస్తున్నరంట దీన్ని చదివి.
నిజం చెప్తున్న, బాగలేదు.
నాలుగువందల పేజీల్ల ఆ పిల్ల ఒక్క పూట అన్నం తినలే,
ఒక్క గిన్నె తోమలే,
కిరాయి ఎవరు కడుతున్నరో తెల్వదు.
అతను మాట్లాడితే పెండ్లిపత్రిక చదివినట్లుంటది.

నాకంటె ముందు ఎవరో చదివిన్రు, పెన్సిలు పట్టుకొని.
ప్రతి పేజీల గీతలే గీతలు,
అంచుల్ల "నిజం", "అవును", ఒకకాడ ఉత్త "అబ్బ".
నూట నలభయ్యో పేజీ దాటినంక
ఒక్క గీత లేదు.
విసుగొచ్చిందో, పెన్సిలు పోయిందో,
చదవబుద్ధి కాని దినం వచ్చిందో.
కథకంటె ఆ మనిషి రంది ఎక్కువైంది నాకు.

రెండువందల పన్నెండో పేజీల
ఆ పిల్ల అతని ఇంటి తాళంచెవి వాపసిస్తది.
చెవి ఇస్తది గానీ
రింగు ఉంచుకుంటది.
అంతే, ఒక్క వాక్యం.
ఏం రాసిందో రాసినామె కూడ చూసుకోనట్లు
తర్వాతి వాక్యంలనే మళ్ల వెన్నెల మొదలువెట్టింది.

నేను తలెత్తేసరికి యూసుఫ్‌గూడ.
ఎన్నిసార్లు తలుపులు తెరుచుకున్నయో,
ఆ ఆడగొంతు ఎన్ని పేర్లు చదివిందో, వినలే.
ఆఫీసు రిజిస్టర్ల నా పేరు పక్కన ఎర్ర సిరా.
మా ఇనుప బీరువాల ఏ చెవీ లేని రింగు ఒకటుంది.
దాని సంగతి ఇక్కడ చెప్ప.

మొన్న జిలానీ భాయ్ దగ్గరికి పోయిన.
సగం ధరకు వాపసు తీసుకుంటడు.
హత్య కథ ఇచ్చిన.
ప్రేమ నవల చేతుల పెట్టి మళ్ల గుంజుకున్న.
"కైసీ హై, ఆపా?" అన్నడు.
"బేకార్" అన్న,
సంచిల వేసుకున్న.

మెట్రోల జాగ దొరికినంక పెన్సిలు తీసిన.
ఆ వాక్యం కింద గీత గీయలే.
వెనక్కు పోయి, ఆ చేతిరాత ఆగిపోయిన పేజీ అంచున రాసిన:
"ఇంకో డెబ్బై రెండు పేజీలు ఓపికపట్టు."