ఏడో పాఠంలో ‘ఇక్కడ’

నేల కోత మీద ఏడో పాఠం.
మూడు వారాలు కూర్చుని కట్టాను:
కొండ మీద చినుకు, వాలు మీద పాయ,
ఎర్ర బాణం ఒకటి కదులుతూ పోయి గండి దగ్గర ఆగుతుంది.
"ఇదిగో, ఇక్కడ చూడండి" అంటుంది నా గొంతు.
మసేరులో అందరూ మెచ్చుకున్నారు.
మసేరులో కరెంటుంది.

సోమవారం ఫోన్లో లింఫో గొంతు, పదిహేడు సెకన్లు.
కుథింగ్ పిల్ల, పుట్టుకతోనే చూపు లేదు.
"అమ్మా, ఇక్కడ అన్నారు.
ఇక్కడంటే ఎక్కడ?"

టీ చల్లారిపోయింది.

నిజమే, ఎక్కడ?
బట్టల మిల్లులో మఖౌటాని పని వేళ ఫోను ముట్టనివ్వరు;
ఆమె ‘ఇక్కడ’ సాయంత్రం టాక్సీలో, ఇద్దరి మోచేతుల మధ్య,
ఒక చెవిలో పాఠం, ఒక చెవిలో డ్రైవరు పెట్టిన పాటలు.
సియాబాటా ఇరవై ఏళ్ళు గనిలో డ్రిల్లు పట్టి
చెవులు అక్కడే వదిలి వచ్చాడు.
అతనికి అక్షరాలు కావాలి, అదీ సెసోతోలో, అదీ పెద్దవి.
ఫెయెల్లో గొర్రెల వెంట మొఖోట్లాంగ్ పైన.
నా నలభై మెగాబైట్ల కొండ
అతని కొండ ఎక్కలేకపోయింది.

నేల కోత పాఠాన్ని
కోయడం మొదలుపెట్టాను.
ముందు సంగీతం పోయింది, దాన్ని ఎవరూ అడగలేదు.
ఎగిరొచ్చే శీర్షిక పోయింది, అది నాకు ఇష్టం.
బొమ్మ పోయినా మాట మిగలాలి,
మాట అందకపోతే కాగితం అందాలి.
కాగితం తడిసిపోతే?
అది ఇంకా తేల్చుకోలేదు.

మైకు ముందు కూర్చుని, బాణం లేకుండా చెప్పాను:
"పిడికిలి బిగించండి. కణుపులు కొండలనుకోండి.
రెండు కణుపుల మధ్య వేలు పెట్టి
మణికట్టు దాకా మెల్లగా జార్చండి.
నీళ్ళు దిగేది ఈ దారినే."
చెబుతూ నేనూ జార్చాను.
పదకొండేళ్ళుగా బోధిస్తున్న గండి
మొదటిసారి నా చర్మానికి తగిలింది.

లింఫో ఒక్క మాట పంపింది: "దొరికింది."

తొమ్మిదో రోజు ఫెయెల్లో సందేశం.
చార్జింగు కోసం ఎంత దూరం నడిచాడో అందులో లేదు.
"బాగుంది. ఒక తప్పు.
గండిని నీళ్ళు మొదలుపెట్టవు.
ముందు గొర్రెలు నడుస్తాయి, ఒకే దారిన, రోజూ.
నీళ్ళు వాటి వెనకాల వస్తాయి."

ఫైలు మళ్ళీ తెరిచాను.
ఏడో పాఠం, పన్నెండో ప్రతి.
పిడికిలి బిగించి,
వేలు జార్చేముందు ఈసారి
రెండు వేళ్ళతో గొర్రెల్ని నడిపించాను.