మిగుల్చుకున్న టైమౌట్

డుబ్యూక్‌లో మంచు కురిసే రాత్రుల్లో
ఇరవై ఆరేళ్లు స్కోర్‌బోర్డు నడిపినవాణ్ణి.
కోచ్ హాస్కెట్ గెలిచినవెన్నో ఓడినవెన్నో
నా వేళ్లకు తెలుసు.

మొదటి ఏడు గెలిచినవి నాలుగే.
డ్రైవర్ రాలేదని వాటర్లూ దాకా
తనే బస్సు నడిపాడు, టై విప్పకుండా.
తర్వాత వరుసగా మూడు కప్పులు:
కిరాణా కొట్లో అరటిపళ్లకి డబ్బు పుచ్చుకోలేదెవరూ.
ఆపైన అదే కొట్లో
కళ్లెత్తకుండా చిల్లర లెక్కపెట్టి ఇచ్చారు.

ఒక్క అలవాటు మాత్రం పోలేదు.
ప్రతి ఆటలో ఒక టైమౌట్ దాచేవాడు,
కరెంటు పోతే పనికొస్తుందని
పెట్టెలో ఒక్క అగ్గిపుల్ల ఉంచినట్టు.
చాలాసార్లు అది ఊరికే మురిగిపోయేది.

నిన్న ఆయన ఆఖరి ఆట.
ముప్పై ఒక్క పాయింట్లు వెనకబడి ఉన్నాం.
నాలుగు సెకన్లు.
జనం కోట్లు తొడుక్కుంటున్నారు.
అప్పుడు
అరచేతి కింద వేళ్లు నిలబెట్టాడు.

రెఫరీ నవ్వబోయి మానుకున్నాడు.
కుర్రాళ్లు చుట్టూ మూగారు.
పలక మీద ఏమీ గియ్యలేదాయన.
మోకాళ్లు మొరాయిస్తే నేలమీదే చతికిలబడి
ఒక్కొక్కడి బూట్లూ చూశాడు,
ట్రెంటన్‌ది లేసు ఊడితే ముడివేశాడు,
రెండోసారి బిగించాడు.

అరవై సెకన్లు అయిపోయాయి.
రూలు నాకూ తెలుసు.
హారన్ మీద వేలుంది.
నొక్కలేదు, కాసేపు.