ఒక్క కుక్కా మొరగలేదు

బటాలా ఊళ్ళో, గుల్జార్ టాకీస్‌లో
టార్చిలైటు నాది.
సినిమా నేను చూడను,
చూసేవాళ్లను చూస్తాను.
తెర మీద వెలుగు మారినప్పుడల్లా
నాలుగొందల ముఖాలు రంగు మారతాయి,
నాకది చాలు.

ఈ శుక్రవారం గూఢచారి సినిమా.
హీరోది బూటు మాత్రమే కనపడింది, ముఖమింకా రాలేదు,
ఫౌండ్రీ కుర్రాళ్లు కుర్చీలెక్కేశారు.
ఎంత తోమినా నూనె మరక వదలని చేతుల్తో
చిల్లర విసిరారు.
ఇంటర్వెల్లో ఆ చిల్లర ఏరుకున్నదీ వాళ్లే,
సమోసాలకి.

తెర మీద కరాచీ వీధి వచ్చింది.
ముందు వరుసలో మాస్టర్ నిరంజన్ దాస్
మిఠాయి కొట్టు బోర్డు మీది ఉర్దూ కూడబలుక్కుని చదివి
"చుక్క పెట్టలేదు, చుక్క పెట్టలేదు" అని
కొట్టుకుపోయాడు.
తొంభైకి దగ్గరపడ్డ మనిషి.
ఆ చుక్క కోసం ఆయన పడ్డ బాధ
హాల్లో ఇంకెవరికీ అందలేదు.

"ఇందులో మనవాళ్లెవరు నాన్నా?" అంది ఓ పిల్ల.
"గడ్డం లేని..." అనబోయి
సర్దార్జీ తన గడ్డం నిమురుకున్నాడు.
కాసేపాగి, "పాట పాడేవాడు" అన్నాడు.

కటింగ్ ప్లేయరుతో రెండు నొక్కులకి
సరిహద్దు కంచె తెగిపోతే
సెలవు మీదొచ్చిన జవాను ఒకడు పకపకా నవ్వాడు.
వెనక వరుస వాళ్లు కసిరారు:
"దేశం గురించి సినిమా ఆడుతుంటే నవ్వేంటి?"
నోరు మూసుకున్నాడు పాపం.

జి వరుసలో, గోడవారగా, పియారా మసీహ్.
రిక్షా టైర్లకి పంక్చర్లేస్తాడు.
మనవడు విక్టర్ బలవంతాన లాక్కొచ్చాడు.
ట్రిప్పుకి నూటయాభై రూపాయలు, ఒక రమ్ము సీసా.
నాలుగుసార్లు వెళ్లి వచ్చాడు,
అయిదోసారి వెళ్లి
పదకొండేళ్లకి వచ్చాడు.
ఊరందరికీ తెలుసు.
తెలుసు కాబట్టే ఎవరూ అడగరు.

హీరోని తలకిందులుగా వేలాడదీశారు.
హాలంతా ఊపిరి బిగబట్టింది.
ఒకావిడ చున్నీతో కళ్లు కప్పుకుని
పల్చటి ఆ చున్నీలోంచే చూస్తోంది.
చేయి జారి నా టార్చి గోడ వైపు పడింది.
పియారా మసీహ్ వేరుశనగ ఒలుస్తున్నాడు.
ఒక గింజ మనవడికి, ఒక గింజ తనకి.
వేళ్లు వణకలేదు.
తల మాత్రం ఎత్తలేదు.

ఢిల్లీ ఆఫీసులో పెద్దాఫీసరు
కిటికీలోకి చూస్తూ, బరువైన గొంతుతో,
"వాడెవడో మాకు తెలీదు" అన్నాడు.
చప్పట్లే చప్పట్లు.
చప్పట్లు ఆగాక గోడ దగ్గర్నుంచి వినపడింది:
"అంత మాట కూడా ఎవరంటారు?
బంట్రోతు వచ్చి, సాహెబ్ భోజనానికెళ్లారు అంటాడు.
మూడేళ్లు భోంచేశాడు సాహెబ్."

ఆట వదిలారు.
కాలర్లెత్తుకుని, భుజాలు ఊపుకుంటూ
నలభైమంది గూఢచారులు
సైకిల్ స్టాండు టోకెన్ల కోసం తోసుకున్నారు.

"ఎలా ఉంది తాతా?"
మఫ్లరు రెండు చుట్లు చుట్టుకునేదాకా
ఆయన మాట్లాడలేదు.
"బాగుంది. పాట బాగుంది.
కానీ ఒరే, అన్ని ఊళ్లు దాటాడా రాత్రిపూట,
ఒక్క కుక్కా మొరగలేదు.
మా పనిలో సగం కుక్కలేరా.
జేబులో ఎండురొట్టె లేకుండా
ఎవడైనా దేశం దాటుతాడా?"
విక్టర్ ఫోనులో ఏదో చూస్తూ ఊఁ అన్నాడు.

చీపురు పట్టుకుని నేను లోపలికెళ్లాను.
ఎ నుంచి ఎఫ్ దాకా
పొట్టు, కాగితాలు, ఒక కమ్మ దిద్దు,
ఎవరిదో ఎడమకాలి చెప్పు.
జి వరుస చివర టార్చి వేసి చూశాను,
వంగి కుర్చీ కింద కూడా చూశాను.
ఒక్క పొట్టు ముక్క లేదు.
అన్నీ ఏరి జేబులో వేసుకుపోయినట్టున్నాడు.
అక్కడెవరూ కూర్చోనట్టే ఉంది.

ఆరుగంటల ఆటకి బెల్లు కొట్టారు.