రాహుకాలం నాది

ఆండర్సన్ వీధిలో మా కొట్టుకి
శుక్రవారం పదిన్నరకి ఊపిరాగుతుంది.
ఆ గంటన్నరలో పెళ్లిపత్రిక అచ్చుకివ్వడానికి
మనిషన్నవాడు రాడు.
మెట్లదాకా వచ్చిన వియ్యంకులు కూడా
గోడగడియారం చూసి
ఎదురు టీ కొట్టుకి మళ్లుకుంటారు.
ముత్తుకరుప్పన్ అయ్యా కళ్లద్దాలు తీసి
రసీదు పుస్తకం మీద బోర్లిస్తాడు.

ఎవరికీ అక్కర్లేని కాలం.
పద్నాలుగేళ్లుగా నేను దాని మీదే బతుకుతున్నాను.

నా బల్లకింద చెడిపోయిన పత్రికల కట్టలు.
వరుడి డిగ్రీ తప్పుపడ్డవి,
వధువు పేరుకి ఒక కొమ్ము ఎక్కువ మొలిచినవి,
డబ్బు కట్టాక మనసు మారి
ఎవరూ తీసుకెళ్లనివి.
వాటి వీపులు ఎంత తెల్లగా ఉంటాయో!
ముందువైపు బంగారు వినాయకుణ్ణి కూర్చోనిచ్చి
వెనకవైపు ఆకుపచ్చ రీఫిల్‌తో
నేను ఏకాంబరం నిద్ర గీస్తాను.
మూడుచక్రాల బండిలో, కాగితం రీముల మీద,
ఒక కాలు బయటికి వేలాడేసి.
ఆ కాలి బొటనవేలు రావడం లేదు.
పదకొండు పెళ్లిళ్లు ఖర్చయ్యాయి.
ఇంకా రాలేదు.

రాహువు రోజుకో వేళకి వస్తాడు.
మంగళవారం మూడింటికి, కునుకుపాట్లతో కలిసి.
బుధవారం సరిగ్గా అన్నం వేళకి.
కుడిచేతికి పెరుగంటుకుని ఉంటుంది కనక
ఆ రోజు ఎడమచేత్తో గీస్తాను.
ఆ వంకర గీతలకి ఒక్కోసారి
నాకు లేని ధైర్యం ఉంటుంది.
సోమవారం ఏడున్నరకి
పాత వణ్ణారపేట బస్సులో కడ్డీకి వేలాడుతుంటాను.
గీయడానికి చెయ్యి ఖాళీ లేదు.
చూస్తాను.
ముందు సీట్లో పూలమ్మి మెడమీది పౌడరు,
చెమటకి అది విడిపోయే దారులు.
చూడ్డం కూడా పనిలోకే రాసుకున్నాను,
అడిగేవాళ్లెవరు?

రాహువు కథ చిన్నప్పట్నించీ ఇష్టం నాకు.
వరస మారి కూర్చున్నాడు,
చెయ్యి చాపాడు, ఒక్క గుక్క.
తల తెగింది సరే,
మింగిన గుక్కని మాత్రం
ఎవరూ వెనక్కి కక్కించలేకపోయారు.

కష్టమంతా ఆదివారంతోనే.
నాలుగున్నర నుంచి ఆరు. ఇల్లు.
ఇంట్లో రాహువుకి మర్యాద లేదు.
ఇస్త్రీ బట్టలు, ఆడపడుచు ఫోను,
చారుమతి లెక్కల నోటుకి అట్ట.
"ఆదివారమేగా, ఖాళీయేగా" అంటారు.
ఖాళీ అంటే
అందరూ చెయ్యి పెట్టే గిన్నె.

మొన్న ఆదివారం వంటింటి తలుపు మీద
సుద్దముక్కతో రాసేశాను:
రాహుకాలం. 4.30 - 6.00.
శుభకార్యములు జరుపబడవు.
మేడెక్కి నీళ్లట్యాంకు నీడలో కూర్చున్నాను.
చేతులు వణికాయి, నిజం చెప్పొద్దూ,
ఎవరి పర్సులోంచో తీసినట్టు.

లోకనాథం పైకొచ్చి నవ్వాడు.
"ఇవన్నీ ఎవరు కొంటారే?"
"రాహుకాలంలో అమ్మకాలుండవు" అన్నాను.
ఏమనుకున్నాడో, పక్కనే కాసేపు నిలబడి
తీగ మీద తువ్వాలు తీసుకుని దిగిపోయాడు.

చెప్పు విప్పి నా కాలే ముందుపెట్టుకున్నాను.
గోరు పక్కన కండ అలా ఎందుకు ఉబ్బుతుందో,
నేల తొక్కీ తొక్కీ వేలు ఎటు ఒరుగుతుందో
నలభైమూడేళ్లకి మొదటిసారి చూశాను.
గీశాను. ఏకాంబరానిది కాలేదు.
నాదీ కాలేదు.
కానీ ఎవరిదో కాలు,
చాలా దూరం నడిచొచ్చింది,
పత్రిక వెనక నిలబడింది.

కాశిమేడు వైపునుంచి ఉప్పుగాలి.
ముందువైపు ఎవరో వధువు పేరు
కాగితం గుండా లీలగా కనిపిస్తూ.

మా అత్త శాస్త్రం తప్పని మనిషి.
మెట్ల కింద పీట వేసుక్కూర్చుని
గడియారం వంకే చూస్తోందట.
ఆరు కొట్టింది.
"అమ్మాయ్,
ఉప్పుడబ్బా ఎక్కడ పెట్టావ్?"