బస్తా మీద సున్నా

బోర్డు మీద బాణాలు రెండు గీసిన.
ఒకటి పైకి, బలం.
ఒకటి అడ్డంగ, స్థానభ్రంశం.
నడుమ గోడమూల లెక్క నిటారు కోణం.
"మూట ఎత్తితే పని. దించితే రుణ పని.
నెత్తిన పెట్టుకొని తిన్నగ నడిస్తే మాత్రం
చేసిన పని సున్నా" అన్న.
దేశాయిపేట బడిల పద్దెనిమిదేండ్ల సంది
ఇదే మాట, ఇదే సుద్దముక్క, ఇదే దగ్గు.

మూడో బెంచీల రవళి లేచింది.
"సార్, మరి సున్నాకు మా నాయినకు
బస్తాకు తొమ్మిది రూపాలు ఎట్లిస్తున్నరు?"
క్లాసు నవ్వింది. నేను గూడ నవ్విన.
నవ్వు అయిపోయినంక చూసుకుంటే
నోట్ల జవాబు లేదు.

తెల్లారి ఎనుమాముల యార్డుకు పోయిన.
జెండా పాట ఇంకా కాలే.
గేటు దాటకముందే తుమ్ము ఎదురొచ్చింది.
చపాటా రాశులు, తేజ రాశులు,
ఎరుపు పక్కన ఎరుపు, సందులల్ల మనుషులు.
ఓదెలు కాంటా కాడ ఉన్నడు.
బిడ్డ సారు అనంగనే కొక్కెం నడుముకు చెక్కి
తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు.
తుడిచిన కొద్ది కండ్లు మండినై.

దర్జీ టేపు తీసుకపోయిన.
నేల నుంచి లారీ తొట్టి దాకా ఒకటిన్నర మీటరు.
కాంటా మీద బస్తా నలభై కిలోలు.
అరచేతిల లెక్క చేసి చెప్పిన,
ఐదువందల ఎనభై ఎనిమిది జౌల్స్.
"అంటే ఎంత సార్?"
చెప్పబుద్ధి కాలే. అయినా చెప్పిన.
"ఒక్క పల్లిగింజల ఉన్న శక్తి
లెక్కకైతే ఇసొంటి ఇరవై బస్తాలు ఎత్తుతది."
ఓదెలు పక్కోని దిక్కు మర్రిండు.
"సాంబయ్యా, ఇన్నవా? రేపటి సంది సద్ది వద్దు.
ముగ్గురికి ఒక పల్లికాయ చాలు."
యార్డుల ఆ మూల నవ్వింది, నవ్వుకుంటనే తుమ్మింది.

అంతల లారీ వెనక్కి రాబోయి ఆగింది.
డ్రైవరుకు ఎవరితోనో లొల్లి.
ఓదెలు మెడ మీద బస్తా, ముందట మూసిన తలుపు.
నిలబడ్డడు.
ఒక నిమిషం. రెండు.
అడుగు పడలే. స్థానభ్రంశం లేదు.
పిక్క మీద నరం మాత్రం
గాలికి కరెంటు తీగె వణికినట్టు వణికింది.
చెవెనక పుట్టిన చెమట
గదుమ దాకా దారి చేసుకున్నది.

పుస్తకం చెప్పకుండ వదిలేసింది అక్కడ దొరికింది.
మనిషి నిలబడ్డా కండ నిలబడదు.
లోపట పోగు పోగును గుంజుతది, జారుతది, మళ్ల గుంజుతది,
రెప్ప కొట్టేంతల ఎన్నిమార్లో.
బల్ల అయితే బస్తాను ఊరికెనే మోస్తది,
దానికి ఆకలి గాదు.
మనిషి ఎత్తినదాన్నే
ఎత్తినకాన్నే
మళ్ల మళ్ల ఎత్తుకోవాలె.
ఆ పనంత వేడై ఒంట్లకెళ్లి ఎల్లిపోతది.
బస్తాకు ఆ సంగతే తెల్వదు.

మరునాడు పాత బాణాలే గీసిన.
కింద ఒక ముక్క కొత్తగ రాసిన, "దేని మీద?"
పని ఎంత అని అడిగేముందు
దేని మీద అని అడగుండ్రి అన్న.
వెనక బెంచీలోళ్లు రాసుకున్నరో లేదో.

యూనిట్ టెస్టుల నాలుగో ప్రశ్న, ఒక మార్కు.
రవళి రాసింది:
"బస్తా మీద సున్నా.
మా నాయిన లోపట ఎంతనో, ఎవరు కొలువలే."
కీ పేపర్ల ఒక్కటే ఉన్నది, సున్నా.
ఒక మార్కేసిన.
ఇంకో అర మార్కు ఎర్ర పెన్ను కొసకొచ్చి ఆగింది.
రిజిస్టర్ల దానికి గడి లేదు.

మార్చి పొయ్యింది. యార్డుల రాశులు తరిగినై.
ఆ అర మార్కును పట్టుకొని
ఇంకా నిలబడే ఉన్న, కదలకుంట.
లెక్క ప్రకారమైతే
నేనేం పని చేస్తలేను.